5.4 లింక్ స్థితి: మన ఆజ్ఞ, తీగ మీది సంకేతం

వెల్దుర్తిలోని ఒక కార్యాలయ సర్వర్‌ను మీరు మాచర్లలో కూర్చుని నిర్వహిస్తున్నారనుకోండి. సర్వర్ నుంచి స్విచ్‌కు రెండు కేబుళ్లు ఉన్నాయి. ఒకటి పాడైతే రెండోది పని అందుకోవాలి. దీన్ని పరీక్షించడానికి లైనక్స్‌లో ‘ఐపీ లింక్ సెట్ ఈటీహెచ్0 డౌన్’ అనే ఆజ్ఞ ఇచ్చారు. ఇంటర్‌ఫేస్ డౌన్ అయిందని సర్వర్ చూపింది. స్విచ్ మీద మాత్రం ఆ పోర్టు దీపం వెలుగుతూనే ఉంది. ఎందుకు?

ఇక్కడ రెండు స్థితులను వేరుగా గుర్తించాలి. పొలంలో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఆన్‌లో పెట్టడం మన నిర్ణయం. లైనులో కరెంటు ఉండటం వేరే విషయం. అలాగే ఇంటర్‌ఫేస్‌ను అప్ లేదా డౌన్ చేయడం నిర్వహణ స్థితి. తీగ మీద అవతలి పరికరం సంకేతం అందడం క్యారియర్ స్థితి. రెండూ అనుకూలిస్తేనే డేటా నడుస్తుంది.

మీ ఆజ్ఞ నెట్‌లింక్ సాకెట్ ద్వారా కెర్నెల్‌కు చేరుతుంది. మీకు నెట్‌వర్క్ నిర్వహణ అధికారం ఉందో లేదో కెర్నెల్ చూసి, డ్రైవర్‌లోని ‘స్టాప్’ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అక్కడ ప్యాకెట్ల రాకపోకలు ఆగుతాయి. అయితే తీగకు సంకేతం పంపే ఫై చిప్‌ను కూడా ఆపాలా వద్దా అన్నది డ్రైవర్‌ను బట్టి ఉంటుంది. వేక్-ఆన్-ల్యాన్ కోసమో, సర్వర్ నిర్వహణ చిప్ అదే పోర్టును వాడుతున్నందుకో కొన్ని డ్రైవర్లు దాన్ని నడవనిస్తాయి. అప్పుడు లింక్ దీపాన్నే నమ్మే స్విచ్, చనిపోయిన దారిలోకి డేటా పంపుతూనే ఉంటుంది. ఇంటెల్ ఐ40ఈ వంటి కొన్ని డ్రైవర్లలో ‘లింక్-డౌన్-ఆన్-క్లోజ్’ అనే ఐచ్ఛికాన్ని ఈటీహెచ్‌టూల్‌తో ఆన్ చేస్తే, డౌన్ చేసినప్పుడు భౌతిక లింక్ కూడా తెగుతుంది.

ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉన్నప్పుడు సిస్ ఫైల్ వ్యవస్థలోని ‘క్యారియర్’ ఫైలు 1 లేదా 0 చూపుతుంది. డౌన్ చేశాక చదవబోతే దోషమే వస్తుంది. కాబట్టి డౌన్ చేశాక నిజం తెలుసుకోవడానికి స్విచ్ వైపు చూడక తప్పదు.

జాగ్రత్త: మీరు లాగిన్ అయిన దారినే డౌన్ చేస్తే, దాన్ని అప్ చేయడానికి ఎవరో ఒకరు వెల్దుర్తి వెళ్లాల్సిందే. అందుకే కొన్ని నిమిషాల తరువాత తిరిగి అప్ చేసే ఆజ్ఞను, లాగిన్ తెగినా ఆగకుండా, ముందే ఏర్పాటు చేయండి. చేత్తో చేర్చిన రూట్లు డౌన్‌తో తొలగిపోతాయి. వాటిని తిరిగి చేర్చే ఆజ్ఞలనూ అందులో ఉంచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. నిర్వహణ స్థితికి, క్యారియర్ స్థితికి తేడా ఏమిటి?
2. ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉన్నా స్విచ్ దీపం వెలగడానికి రెండు కారణాలు రాయండి.