సర్వర్ డౌన్ అయితే రేషన్ ఆగాలా?

'సర్వర్ పని చేస్తలేదు, రేపు రండి.' కరీంనగర్, ఆదిలాబాద్ వైపు రేషన్ షాపుల ముందు ఈ మాట విననివారు తక్కువ. కూలికి పోయేవాళ్లకు ఆ 'రేపు' అంటే ఒక రోజు కూలి పోయినట్టే. షాపులో బియ్యం ఉన్నాయి, చేతిలో కార్డు ఉంది. మరి ఆగింది ఎక్కడ?

వేలు పెట్టగానే ఈ-పాస్ మిషన్ రెండు చోట్ల అడుగుతుంది. కార్డులో ఎందరున్నారు, ఎన్ని కిలోలు రావాలి అన్నది పౌరసరఫరాల శాఖ సర్వర్ చెబుతుంది. వేలిముద్ర మీదేనా అన్నది ఆధార్ డేటాబేస్ చెబుతుంది. ఆధార్ డేటా సెంటర్లు బెంగళూరులో, హర్యానాలోని మనేసర్‌లో ఉన్నాయి. అక్కడ ఇబ్బంది వచ్చినా, మన ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ లేకపోయినా మిషన్‌కు తెలిసేది ఒకటే: జవాబు రాలేదు.

బయటి డేటాబేస్ ఆగినా పని ఆగకుండా సాఫ్ట్‌వేర్ రాయడానికి పద్ధతులున్నాయి.

మొదటిది, జవాబు కోసం ఎదురుచూడడానికి కొన్ని సెకన్ల గడువు పెట్టాలి. గడువు దాటితే మరో దారి చూపాలి.

రెండోది, వరుసగా జవాబు రాకపోతే కొద్దిసేపు అడగడమే ఆపాలి. వేల షాపుల్లో మళ్లీ మళ్లీ వేలు పెట్టిస్తుంటే కోలుకుంటున్న సర్వర్ మళ్లీ కూలబడుతుంది.

మూడోది, ఆ షాపు కార్డుల జాబితా నకలు మిషన్‌లోనే ఉండాలి. ఇచ్చిన బియ్యం లెక్క అందులో రాసుకుని, లైన్ వచ్చాక పంపాలి. ప్రతి లెక్కకూ ఒక నంబరు ఉంటే రెండుసార్లు పడదు.

ఇందులో ఒక చిక్కుంది. ఇప్పుడు ఏ షాపులోనైనా రేషన్ తీసుకోవచ్చు కాబట్టి, లైన్ లేనప్పుడు ఒకే కార్డుపై రెండు చోట్ల తీసుకునే వీలుంటుంది. అందుకే అలాంటి సమయంలో సొంత షాపు కార్డులకే ఇవ్వడం మేలు.

సాఫ్ట్‌వేర్ ఎలా ఉన్నా, నియమం పేదల పక్షానే ఉంది. నెట్‌వర్క్ లేకనో, వేలిముద్ర పడకనో రేషన్ నిరాకరించవద్దని, అలా ఇచ్చినవి విడిగా రిజిస్టర్‌లో రాయాలని కేంద్రం 2017 అక్టోబర్ 24న రాష్ట్రాలకు చెప్పింది.

కాబట్టి 'రేపు రండి' అంటే ఊరికే తిరిగి రాకండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు చూపించి, రిజిస్టర్‌లో రాసి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే 1967కు ఫోన్ చేయండి, లేదా తహసీల్దార్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ముసలివాళ్లకు, బరువు పని చేసి వేలి గీతలు అరిగినవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.