దిండి దాకా నీళ్లు తెచ్చిన సైనికుడు: కాటన్ ఏం చేశారు, మనం ఏం చూసుకోవాలి?

మే 15 వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలకు దండలు పడతాయి. అది ఆయన పుట్టినరోజు. ఆనకట్ట కట్టిన ఇంజనీరుగా ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన సైనికుడని, కరువు రాకముందే దాన్ని ఆపడం ఎలా అన్నదే జీవితమంతా ఆలోచించారని చాలామందికి తెలియదు.

1803లో పుట్టిన కాటన్ 1819లో మద్రాసు ఇంజనీర్స్ దళంలో చేరారు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు, చివరికి జనరల్ హోదా దాకా వెళ్లారు. యుద్ధం తర్వాత ఆయన పనంతా నీళ్లతోనే. కావేరి ప్రాంతంలో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాత పనివాళ్లు కట్టినవి చూసే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నారు.

అప్పట్లో మన గోదావరి జిల్లా పరిస్థితి ఘోరం. 1832-33లో డొక్కల కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన తుఫాను. జనం చనిపోయారు, బతికినవాళ్లు వలసపోయారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి. పక్కనే గోదావరి నిండుగా పారుతున్నా ఆ నీళ్లన్నీ సముద్రంలోకి పోయేవి.

కంపెనీ ప్రభుత్వానికి కాటన్ చెప్పింది లెక్కల భాషలో చెప్పారు. కరువొస్తే శిస్తు పోతుంది, మనుషులు పోతారు, పైగా సహాయం కోసం ఖర్చు. దాని బదులు ముందే ఆనకట్ట మీద పెడితే ఆ సొమ్ము తిరిగొస్తుంది. కంపెనీ ఒప్పుకుంది కూడా ఆదాయం కోసమే, జనం మీద ప్రేమతో కాదు. ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్లిపోతే కెప్టెన్ ఓర్ పని నడిపించారు. కూలీలను సమీకరించడంలో మన తెలుగువాడు వీణం వీరన్న పాత్ర పెద్దది. ఎండలో రాళ్లు మోసిన వేలమంది పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

ఇక దిండి సంగతి. మ్యాపు చూస్తే అర్థమవుతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఊళ్లన్నీ ఒక దీవి మీద ఉన్నాయి. పడమర వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన సముద్రం. చుట్టూ నీళ్లే, కానీ వేసవిలో సముద్రపు ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుంది. వరికి, కొబ్బరికి మంచినీళ్లు కావాలంటే కాలువే దిక్కు. ఆ కాలువ నదిని దాటి రావాలి. అందుకే పి.గన్నవరం దగ్గర లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో వైనతేయ మీద 49 ఆర్చీల అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. ఇప్పుడు దాని పక్కనే కొత్తది పనిచేస్తోంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. "కాటన్ బ్యారేజీ ఉంది కదా, వరదను ఆపదా?" అని చాలామంది అడుగుతుంటారు. ఆపదు. పాత ఆనకట్ట స్థానంలో 1970-82 మధ్య కట్టిన ఇప్పటి బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీల లోపే. 2022 జూలైలో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వేగానికి బ్యారేజీ మొత్తం ఖాళీగా ఉన్నా సుమారు ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది. అందుకే గేట్లు ఎత్తేసి నీళ్లు కిందికి వదలడం తప్ప వేరే దారి లేదు. కాటన్ కట్టడం కాలువలకు నీళ్లు మళ్లించడానికి. వరద నుంచి ఊళ్లను కాపాడేది ఏటిగట్లు, ముందస్తు హెచ్చరికలు.

మన వాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. వరద వార్త చూడగానే కంగారుపడి ఇంటికి ఫోన్లు చేస్తారు. వాట్సాప్ పుకార్ల కంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, దాదాపు 13 లక్షలు. 17.75 అడుగులకు మూడోది, దాదాపు 17 లక్షలు. లంకల్లో, నది ఒడ్డున ఉండేవాళ్లు రెండో హెచ్చరిక దాకా ఆగకుండా ముసలివాళ్లను, పిల్లలను, గర్భిణులను గట్టు లోపలికి చేర్చాలి. ఆధార్, పాస్‌బుక్కు, పాస్‌పోర్టు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి. అత్యవసరానికి నంబరు 112.

తుఫాను సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో మన నానీలు, దాదీలు ఇప్పటికీ చెబుతారు.

కాటన్ 1899 జూలై 24న ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. 1877 కరువు తర్వాత కూడా, రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద ఎందుకు పెట్టరని ముసలితనంలోనూ వాదించారు. ఆపద వచ్చాక పంచేదానికంటే రాకముందు పెట్టే ఖర్చే చవక అన్నది ఆయన మాట సారం. ఈ మే 15న దండ వేసే పెద్దలు, యువకులు అదే రోజు ఒక పని చేయవచ్చు. మీ ఊరి ఏటిగట్టు మీద నడిచి బలహీనంగా ఉన్న చోట్లు ఫోటోలు తీయండి. కాలువలో గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో చూడండి. వానలు మొదలవకముందే సచివాలయంలో, జలవనరుల శాఖలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.