పుస్తకాల కొలువుకు పరిచయాల దారి

పుస్తకం మీద రచయిత పేరుంటుంది. ముఖచిత్రం వేసినవారి పేరుంటుంది. దాన్ని అక్షరం అక్షరం చదివి, తప్పులు దిద్ది, మన చేతికి అందేలా చేసినవారి పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. పేరు కనిపించని ఆ ఉద్యోగానికి పేపర్లో ప్రకటన కూడా కనిపించదు. మరి కోయిలకుంట్లలాంటి ఊళ్లో ఉండి దాన్ని సంపాదించడం ఎలా?

కోయిలకుంట్లలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన ఓ అమ్మాయి ఉందనుకుందాం. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటారు అమ్మానాన్నలు. బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకోమంటాడు మేనమామ. ఆ అమ్మాయేమో 'పుస్తకాలు వేసే సంస్థలో ఎడిటర్‌గా చేస్తా' అంటుంది. అప్పుడు నాయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే... 'ఆ ఉద్యోగానికి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది తల్లీ?'

న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కాస్త ఇబ్బందికరం. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాదెమీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఎప్పుడో ఒకసారి ప్రకటన ఇస్తాయి. మిగతాచోట్ల అలాంటిదేమీ ఉండదు. తెలుగు ప్రచురణ సంస్థలు చాలావరకు నలుగురైదుగురితో నడిచేవి. ఒక మనిషి అవసరమైతే వాళ్లు ప్రకటన ఇవ్వరు, తెలిసినవాళ్లను అడుగుతారు. 'తప్పుల్లేకుండా తెలుగు రాసే పిల్లలెవరైనా ఉన్నారా?' అని. ఆ మాట అన్నప్పుడు అవతలివారికి మీ పేరు గుర్తుకు రావాలి. కిటుకంతా అక్కడే ఉంది!

ఇంతకీ ఏం పని?

ఎడిటర్ అంటే అచ్చుతప్పులు దిద్దేవారనే అనుకుంటాం. అది పనిలో ఒక భాగమే. 12వ పేజీలో 'వెంకటరెడ్డి' అయినవాడు 90వ పేజీలో 'వెంకట్రెడ్డి' అయితే పట్టుకోవాలి. పుస్తకమంతా 'రాశాడు' ఉండాలా, 'రాసాడు' ఉండాలా అన్నది ముందే తేల్చుకుని చివరిదాకా పాటించాలి. పాత ఫాంట్లలో కొట్టిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, గుణింతాలు ఎక్కడెక్కడ చెదిరాయో వెతకాలి. ఏ అధ్యాయం ముందుండాలో, ఏ పేరా తీసేస్తే కథ నిలబడుతుందో రచయితను నొప్పించకుండా చెప్పాలి.

అన్నిటికీ మించి, నిజానిజాలు చూడాలి. కోయిలకుంట్ల చరిత్ర మీద ఎవరో పుస్తకం రాశారనుకోండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును సిపాయిల తిరుగుబాటుతో కలిపేసి 1857 అని వేశారనుకోండి. అది తప్పు. ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసింది 1846లో. ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న, ఈ ఊళ్లోనే. అంటే సిపాయిల తిరుగుబాటుకు పదేళ్ల ముందు! పుస్తకం అచ్చయ్యాక ఆ తప్పును వెయ్యి ప్రతుల్లో దిద్దడం ఎవరి తరమూ కాదు. ముందే పట్టుకునేవారే ఎడిటర్.

ఈ పనిలో రేనాటి పిల్లలకు ఓ సౌలభ్యం కూడా ఉంది. సీమ కథలో 'మడక' అని వస్తే కోస్తా ఎడిటర్ ఆగిపోవచ్చు. అది నాగలేనని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. 'గుంటక'నూ, 'బుడ్డల'నూ అచ్చుతప్పులనుకుని కొట్టేయకుండా కాపాడగలిగేది ఆ మాటల మధ్య పెరిగినవాళ్లే. సీమ రచయితలకు అలాంటి ఎడిటర్ దొరకడం అదృష్టమే.

కడప బంగళాలో కొలువులు

ఈ ఉద్యోగం రాయలసీమకు కొత్తదేం కాదు. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లిషు దొర చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు మీద పట్టు సాధించాడు. తర్వాత కడపలో ఒక బంగళా కొని, పండితుల్ని, లేఖకుల్ని కూడగట్టి, తన సొంత డబ్బుతో జీతాలిచ్చి పనిచేయించాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అని పిలుచుకున్నారు. అక్కడ జరిగింది అక్షరాలా సంపాదకత్వమే. ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు తెప్పించడం, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం, ఏ పాఠం సరైనదో తేల్చడం, శుద్ధప్రతి రాయడం, అర్థాలు చేర్చడం... ఇవీ ఆ పండితుల పనులు.

జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య లాంటి పండితుల పేర్లు బ్రౌన్ పేరుతోపాటే నిలిచాయి. 1851లో బ్రౌన్ అచ్చువేయించిన మనుచరిత్రకు వ్యాఖ్య రాసింది అప్పయ్యే. పండితుల లోకంలో ఎవరికి ఏ కావ్యం కొట్టినపిండో అందరికీ తెలుసు. పని తెలిసినవాడి పేరు ఆ నోటా ఈ నోటా పాకేది. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్లతరబడి శ్రమపడ్డారు. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలో నడుస్తోంది. పుస్తకాల పనిమీద ఆసక్తి ఉన్న పిల్లలు ఒక్కసారైనా చూడాల్సిన చోటు.

కర్నూలు విషయానికొద్దాం. ఇక్కడ పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలికి ప్రాణం పోశారు. ఆ మండలి వేసిన తొలి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్రే. ఒకే ఆశయమున్న నలుగురు పరస్పరం తెలిసి ఉండటం వల్ల పుట్టిన సంస్థ అది.

మన కాలానికి దగ్గరగా చూస్తే, కడప జిల్లాలో పుట్టిన కథకుడు కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) పాత్రికేయుడిగా, అధ్యాపకుడిగా, సార్వత్రిక విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా పనిచేశారు. ఆ దారిలోనే కొడవటిగంటి కుటుంబరావు సాహిత్య సంపుటాలకు సంపాదకుడయ్యారు. బయటి దేశాల్లోనూ అంతే. అమెరికాలో పేరుమోసిన ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్ 1910లో స్క్రిబ్నర్స్ సంస్థలో చేరింది ప్రకటనల విభాగంలో! నోబెల్ గ్రహీత టోనీ మారిసన్ మొదట పాఠ్యపుస్తకాల ఎడిటర్. ఎక్కడో ఒకచోట లోపలికి అడుగుపెట్టి, నలుగురి కళ్లలో పడి, తర్వాత తమ కుర్చీకి చేరినవాళ్లే అందరూ.

దూరపు పరిచయమే దగ్గరి దారి

'మాకెవరూ తెలీదు కదా...' అని నిట్టూర్చేవాళ్లకు ఓ మంచి కబురు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను 'ఈ కొలువు మీకెలా తెలిసింది?' అని అడిగాడు. సగానికి పైగా మనుషుల ద్వారానే తెలిసిందన్నారు. ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారంటే... తరచూ అన్నవారు 17 శాతం లోపే. అప్పుడప్పుడు అన్నవారు 55 శాతం పైగా. అరుదుగా అన్నవారు దాదాపు 28 శాతం!

కారణం సులువే. మన ఇంట్లోవాళ్లకు, ప్రాణస్నేహితులకు తెలిసిన సంగతులు మనకూ తెలిసినవే. కొత్త సంగతి కొత్త వాకిట్లోంచే వస్తుంది. 2022లో లింక్డిన్‌లోని 2 కోట్ల మంది సమాచారంతో చేసిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. మరీ దగ్గరివాళ్లకన్నా, ఓ మోస్తరుగా తెలిసినవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ అక్కరకొచ్చారని. అంటే సాహిత్య సభలో ఒకసారి పలకరించిన రచయిత, పుస్తకాల స్టాల్‌లో పది నిమిషాలు మాట్లాడిన మేనేజర్... వీళ్లే మీ పెట్టుబడి.

అయితే పరిచయం వేరు, సిఫారసు వేరు. సిఫారసు అంటే అర్హత ఉన్నా లేకపోయినా 'మావాడు, చూడండి' అనడం. పరిచయమంటే 'ఈ పిల్ల పని నేను చూశాను' అని ఒకరు చెప్పగలగడం. మొదటిది మొహమాటంతో నడుస్తుంది. రెండోది నమ్మకంతో నడుస్తుంది. పుస్తకాల లోకం చిన్నది. పని రానివాళ్లకు సిఫారసు ఒక్క పుస్తకం వరకే పనికొస్తుంది.

మొదటి మెట్టు ఊళ్లోనే...

నేరుగా హైదరాబాదు బస్సెక్కక్కర్లేదు. తెలుగులో చాలా పుస్తకాలు రచయితలు సొంత ఖర్చుతో వేసుకునేవే. రిటైరైన పంతుళ్లు శతకాలు రాస్తుంటారు. ఊరి చరిత్ర, గుడి స్థలపురాణం రాసేవాళ్లుంటారు. వాళ్లకు ప్రూఫులు చూసిపెట్టే మనిషి కావాలి. అంటే మీ తొలి యజమాని ప్రచురణకర్త కాదు, పక్క వీధిలోని తెలుగు మాస్టారే కావచ్చు. మీరు చదువుకున్న కాలేజీలో తెలుగు అధ్యాపకులకు, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రింటింగ్ ప్రెస్సుల్లో డీటీపీ చేసేవాళ్లకు చెప్పి ఉంచండి. 'ప్రూఫులు చూస్తాను' అని. ఒక పుస్తకం చేతిలో పడితే, అందులో మీ పేరు వేయమని మర్యాదగా అడగండి. ఆ ఒక్క పేజీ పది సర్టిఫికెట్ల పెట్టు.

తర్వాతి మెట్టు పుస్తకాల పండుగలు. విజయవాడలో ఏటా కొత్త సంవత్సరం మొదట్లో, హైదరాబాద్‌లో సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో జరుగుతాయి. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం మొదలయ్యాక కోయిలకుంట్లకూ రైలొచ్చింది. నంద్యాల చేరితే విజయవాడ వైపు రైళ్లుంటాయి. ఎమెస్కో, విశాలాంధ్ర, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, అన్వీక్షికి, ఛాయ... ఇలాంటి సంస్థలను పలకరించే వీలున్న చోటు అది. సాయంత్రం రద్దీలో కాక మధ్యాహ్నం వెళ్లండి. ముందుగా వాళ్ల పుస్తకాలు రెండైనా చదివి వెళ్లండి. 'ఉద్యోగం ఉందా?' అని మొదలుపెట్టకుండా, 'మీ దగ్గర ప్రూఫులు ఎవరు చూస్తారు? ఎన్నిసార్లు చూస్తారు?' అని అడిగి చూడండి. తమ పని గురించి అడిగితే మాట్లాడనివారు అరుదు.

తెలుగుతోపాటు ఇంగ్లిషు గట్టిగా వస్తే తలుపులు ఇంకా ఎక్కువ. పాఠ్యపుస్తకాల సంస్థలున్నాయి. ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. చెన్నైలోని తూలిక, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ పిల్లల కోసం తెలుగులోనూ పుస్తకాలు తెస్తున్నాయి. వీటికి అనువాదాలు సరిచూసేవాళ్లు కావాలి. చదువుకోవాలనుకుంటే ఇగ్నో రూపొందించిన పుస్తక ప్రచురణ పీజీ డిప్లొమా ఉంది. ఆ ఏడాది ప్రవేశాలు ఉన్నదీ లేనిదీ చూసుకుని దరఖాస్తు చేయాలి.

ఉత్తరం ఇలా ఉంటే...

కలిసొచ్చిన వారంలోపే నాలుగు వాక్యాలు రాయండి. ఉదాహరణకు:

'అమ్మా, నమస్కారం. పుస్తక ప్రదర్శనలో మీ స్టాల్ దగ్గర ప్రూఫుల గురించి అడిగిన కోయిలకుంట్ల అమ్మాయిని. మీరు చెప్పిన పుస్తకం చదివాను, చాలా నేర్చుకున్నాను. నేను దిద్దిన రెండు పేజీలు, దిద్దకముందు ఎలా ఉన్నాయో కూడా జతచేశాను. తీరిక ఉన్నప్పుడు చూసి, ఎక్కడ మెరుగుపడాలో చెబితే సంతోషిస్తాను.'

ఇంతే. వాళ్ల పుస్తకంలోని తప్పుల జాబితా మాత్రం మొదటి ఉత్తరంలోనే పంపకండి! జవాబు రాకపోతే మూడు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. ఆపైన వదిలేయండి. సలహా ఇచ్చినవారికి, అది ఎలా ఉపయోగపడిందో ఓ మాట చెప్పండి. పరిచయం నిలిచేది అక్కడే.

డబ్బు సంగతేంటి?

* ఇంట్లోవాళ్ల భయం అబద్ధం కాదు. తెలుగు పుస్తకం వెయ్యి ప్రతులు వేయడమే గొప్ప, ఐదొందలతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. అందుకే మొదట్లో ఆదాయం తక్కువే. ట్యూషన్లో, ఇంకో ఉద్యోగమో చేసుకుంటూ పేజీల లెక్కన పని తీసుకునేవారే ఎక్కువ.

* పేజీకి ఎంత, ఎన్నిసార్లు చూడాలి, డబ్బు ఎప్పుడిస్తారు... ఈ మూడూ పని మొదలుపెట్టకముందే రాసి తెచ్చుకోండి. వాట్సాప్ సందేశమైనా చాలు.

* పరీక్షగా రెండు మూడు పేజీలు ఉచితంగా దిద్దడం మామూలే. పుస్తకం మొత్తం 'పరీక్షకే' అంటే మర్యాదగా కాదనండి.

* 'ఇంట్లో కూర్చుని ప్రూఫ్ రీడింగ్, ముందుగా డిపాజిట్ కట్టండి' అంటే అది మోసమే. పనిచ్చేవారు డబ్బిస్తారు, అడగరు.

* మాట్లాడటానికి ఆఫీసు, సభ, పుస్తకాల స్టాలు చాలు. ఇంకెక్కడికైనా రమ్మంటే ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లండి.

ఇక ఆ నాయన ప్రశ్నకు జవాబు... నోటిఫికేషన్ పడదు. కానీ రెండేళ్ల గడువు పెట్టుకోవచ్చు. ఈలోగా డీఎస్సీ చదువు ఆపక్కర్లేదు. భాష మీద పట్టు అక్కడా పనికొచ్చేదే. ఆ రెండేళ్లలో నాలుగు పుస్తకాల్లో పేరు, పదిమంది పుస్తకాలవాళ్లతో పలకరింపు సంపాదించగలిగితే చాలు. ఎవరో ఎక్కడో 'తప్పుల్లేకుండా తెలుగు రాసే పిల్లలున్నారా?' అని అడిగినప్పుడు, 'కోయిలకుంట్లలో ఒకమ్మాయి ఉంది' అనే మాట రావడానికి!