చుక్క చాటు ఫైళ్లు

కరీంనగర్ కోర్టు చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్లు తీయించుకొని ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే, ఫోల్డర్లు ఒక్కటీ లేవు. వాటి జాగాలో అవే పేర్లతో షార్ట్‌కట్లు. కానీ పెన్‌డ్రైవ్‌లో ఖాళీ మాత్రం అంగుళం పెరగలేదు, సామాను లోపల ఉన్నట్టే లెక్క. మర్నాడు మళ్లీ అక్కడికే పోయాను. కుర్రాడు తొణకలేదు. "యాడికి వోలేదు సార్, ఇండ్లనే ఉన్నయి. కండ్ల వడ్తలేవంతే" అన్నాడు.

నిజమే. నా పెన్‌డ్రైవ్ లాంటివాటిలో ప్రతి ఫైలుకూ 32 బైట్ల చిట్టా ఒకటి ఉంటుంది. అందులో పన్నెండో బైటు ఆ ఫైలు గుణాలు చెబుతుంది. ఫోల్డర్ అయితే 16. 'దాచు' అంటే 2 కలుస్తుంది, 'ఇది సిస్టమ్ సొత్తు' అంటే 4. ఆ సెంటర్ కంప్యూటర్ నుంచి ఎక్కిన వైరస్ చేసిన ఘనకార్యమల్లా నా ఫోల్డర్ల 16ను 22 చేయడమే. లోపలి కాగితాలను ముట్టుకోనేలేదు. మనం ఫోల్డరే అనుకొని షార్ట్‌కట్ నొక్కితే ముందు వైరస్ లేస్తుంది, ఆ తర్వాతే అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే చాలామందికి అనుమానమే రాదు.

విండోస్ 10లో ఆల్ట్, వి, హెచ్, హెచ్ వరుసగా నొక్కితే దాగిన ఫైళ్లు బయటికొస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి. నా ఫోల్డర్లు దానికి లొంగలేదు. ఆ 4 కూడా ఉంది కదా! కుర్రాడు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి అట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఎస్ చేర్చాడు, ఫోల్డర్లకూ పట్టేలా స్లాష్ ఎస్, స్లాష్ డి తగిలించాడు. 22 తిరిగి 16 అయింది. ఇదే ఆదేశాన్ని ఓ బ్యాచ్ ఫైల్లో రాసి, దాని షార్ట్‌కట్‌ను డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాడు. ప్రాపర్టీస్‌లో 'షార్ట్‌కట్ కీ' గడిలో ఒక్క హెచ్ నొక్కితే చాలు, కంట్రోల్, ఆల్ట్, హెచ్ అని అదే పడుతుంది. గిరాకీ అంత ఉంది మరి.

లినక్స్‌లో ఈ బైటు గొడవ లేదు. పేరు ముందు చుక్క ఉంటే ఆ ఫైలు చాటుకు పోతుంది. ఇదెవరూ కూర్చొని ఆలోచించింది కాదు. తొలినాటి యునిక్స్‌లో ప్రతి ఫోల్డర్‌లోనూ 'ఇక్కడే' అనే ఒక చుక్క, 'పైమెట్టు' అనే రెండు చుక్కలు జాబితాలో అడ్డొచ్చేవి. వాటిని తప్పించడానికి, మొదటి అక్షరం చుక్కయితే వదిలేయమని ప్రోగ్రాములో రాసేశారు. దాంతో చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ మాయం. ఈ సంగతి యునిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో చెప్పి, అది పొరపాటేనన్నారు. ఆ పొరపాటు మీదే ఇవాళ లక్షల కంప్యూటర్ల సెట్టింగులు నిలబడ్డాయి. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే అవన్నీ కనపడతాయి. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క. చుక్కకు చుక్కే తాళంచెవి, బాగుంది.

లినక్స్‌లోని ఆ కంట్రోల్, హెచ్ మీట ఆదిలాబాద్‌లో ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. నార్నూర్ మండలం గుంజాలలో గోండుల ఇళ్లలో దాగిన రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు వెలుగులోకి తెచ్చారు. ఆ ఊరి పేరుతోనే గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. కానీ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ అక్షరాలు వట్టి డబ్బాలే. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్ దించుకొని, హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కాలి. '.లోకల్' అనే ఫోల్డర్ కనపడుతుంది. దానిలో 'షేర్', అందులో 'ఫాంట్స్'. లేకుంటే మీరే చేయండి. ఫాంట్‌ను అందులో వేసి మళ్లీ కంట్రోల్, హెచ్. ఫోల్డర్ చాటుకు పోతుంది. గోండి ఫైలును, దాన్ని తెరిచిన ప్రోగ్రామును మూసి మళ్లీ తెరవండి, డబ్బాలున్న చోట గోండి అక్షరాలుంటాయి.