బొగ్గు లెక్కలో మనిషి

మంజీర నీటితో వరి పండించుకొనే మా బాన్సువాడ ప్రాంతంలో బొగ్గుగనులు లేవు. అయినా రాత్రి ఇంట వెలిగే దీపంలోను, పొలంలో తిరిగే మోటారులోను గోదావరి లోయ బొగ్గుకు వాటా ఉన్నది. అందుచేత సింగరేణి లెక్కలు మన బడి పిల్లలకు పరాయివి కావు.

డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు వద్ద బొగ్గు జాడ కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైనది. అటుపై చాలాకాలం పని అంటే తట్టా చెమ్మాసులతో టబ్బులు నింపడమే. కార్మికులు గనిని 'బాయి' అన్నారు. లోపలికి దిగి తోడవలసినదానికి అంతకన్న తగిన పేరేమున్నది?

ఉత్పత్తి, ఉత్పాదకత అనే మాటలు వినడానికి కవలలవలె ఉంటాయి, అర్థం వేరు. మొదటిది మొత్తం రాశి, రెండవది మనిషికి వచ్చే భాగం. 1990-91లో సుమారు 1 లక్షా 15 వేలమంది దాదాపు 1 కోటి 80 లక్షల టన్నులు తీశారు. మనిషికి ఏడాదికి 155 టన్నుల చొప్పున. 2023-24లో సుమారు 41 వేలమందితో 7 కోట్ల టన్నులు వచ్చినవి. మనిషికి దాదాపు 1,700 టన్నులు. అనగా పదకొండు రెట్లు!

అయితే బాయిలోని మనిషి చేతికి పదకొండు రెట్ల బలం వచ్చినదా? రాలేదు. యంత్రాలు దిగిన తరువాత కూడా భూగర్భంలో మనిషికి షిఫ్టుకు టన్ను పైచిలుకే వస్తున్నది. మారినది గని స్వరూపం. 1970వ దశకంలో రామగుండం వద్ద ఓపెన్‌కాస్టు తవ్వకం మొదలైనది. నేటి బొగ్గులో సుమారు తొమ్మిది పాళ్లు అటువంటి గనులదే. అక్కడ షిఫ్టుకు మనిషి వాటా పది టన్నులు దాటుతుంది. రెండింటినీ కలిపి తీసిన సగటు ఏ గనికీ సరిపోదు.

ఆ లెక్కలో మరొక చిక్కు కలదు. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గుకై ఐదారు ఘనపు మీటర్ల పైమట్టి ఎత్తిపోయాలి. ఆ పని చాలావరకు కాంట్రాక్టర్లది. వారి టిప్పర్లు నడిపేవారు ఆ 41 వేలలో లేరు. వారు ఎత్తిన మట్టి క్రింది బొగ్గు మాత్రం 7 కోట్లలో ఉన్నది. లవంలో చేరిన శ్రమ హారంలో చేరకపోతే భాగఫలం పెరగక ఏమవుతుంది? భిన్నాలు చెప్పే ఉపాధ్యాయులు దీనిని నల్లబల్ల మీద వేసి చూపవచ్చును. అన్నలు, బావలు టిప్పర్ల మీద పనికి పోయిన పిల్లలు ఏ తరగతిలోనైనా ఒకరిద్దరు ఉంటారు.