చెరువు అడుగున దాగిన మురుగు

వరంగల్ వాసులకు భద్రకాళి చెరువు క్రొత్త కాదు. కాకతీయుల నాటి ఈ చెరువు నీటిని పూడికతీత కొరకు 2024 నవంబరులో దిగువకు వదలిరి. మురుగుకాలువలను మళ్ళించిన చాలదా, అడుగుమట్టితో నేమి పని యని విద్యార్థులు అడుగవచ్చును. ఇది మంచి ప్రశ్న.

నీటిని చెరచు పదార్థములు పలు తెగలు. మలముతో కలసివచ్చు సూక్ష్మజీవులు కలరా, టైఫాయిడ్ కలిగించును. కర్మాగారముల నుండి సీసము, క్రోమియము వంటి లోహములు వచ్చును. నల్లగొండ బావులలోని ఫ్లోరైడు మాత్రము ఎవరును పోసినది కాదు. రాళ్ళ నుండి కరగి వచ్చినది. పట్టణపు చెరువులకు పట్టిన పీడ ఎక్కువగా వేరొకటి. అది ఎరువు!

పైరునకు మేలుచేయు నత్రజని, భాస్వరము మురుగులోను, పొలముల మీదుగా పారు వాననీటిలోను ఉండును. మురుగుకాలువ కలియుచోటును వ్రేలితో చూపవచ్చును. వాననీరు మోసుకొనివచ్చు ఎరువును ఎచ్చట పట్టగలము? దీనితో నాచు, గుర్రపుడెక్క విజృంభించును. అవి చచ్చి కుళ్ళునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో గాలినుండి కరగునది సుమారు 7.5 మిల్లీగ్రాములే. చేపలకు కనీసము 4 మిల్లీగ్రాములు ఉండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము. చెరువు చేతిలోని నిల్వ ఎంత స్వల్పమో చూడుడు! రాత్రివేళ ప్రాణవాయువును తయారుచేయుటకు ఎండ ఉండదు, నాచు సైతము శ్వాసించును. అందుచే నాచు పట్టిన చెరువులలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచును.

ఈ ఎరువులలో అసలు దోషి యేది? 1973లో కెనడాలో ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు వైపులను కర్బనము, నత్రజని కలిపిరి. భాస్వరమును ఒకవైపు మాత్రమే చేర్చిరి. భాస్వరము పడిన భాగము నాచుతో పచ్చబడెను. రెండవది తేటగా నిలిచెను.

భాస్వరము గాలిలో కలసిపోవునది కాదు. మట్టిలోని ఇనుమును అంటుకొని అడుగుకు చేరును. అచ్చట ప్రాణవాయువు తరుగగనే ఆ పట్టు సడలి మరల నీటిలోనికి వచ్చును. నేడు మురుగును ఆపినను, నిన్నటి మురుగు ఏండ్ల తరబడి నాచును మేపుచుండును. పూడిక తీయుట ఇందులకే. కాలువలను మళ్ళించక పూడిక మాత్రము తీసినచో మరల అదే కథ.

మన రైతులు పూడికమట్టిని పొలములకు తోలుకొనుట పూర్వాచారము. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోను అట్లే చేసిరి. చెరువునకు విషమైనది చేనికి బలమగును. కాని పట్టణపు మట్టిలో లోహములున్నవేమో ముందుగా పరీక్షింపవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో రెండు గాజుసీసాలలో చెరువునీరు పోయించి, ఒకదానిలో చిటికెడు డి.ఎ.పి. ఎరువు వేయింపవచ్చును. మూడవదానిలో కాచి చల్లార్చిన నీరు, అడుగుమట్టి, రెండు చెంచాల చెరువునీరు చాలును. మూడింటిని కిటికీవద్ద వెలుగులో రెండు వారములుంచి, ఏది ముందు పచ్చబడునో దినదినము వ్రాసికొనుడు. సీసాలను తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనుట మరువకుడు.