మసకగా ఉంటే చెడిపోయినట్లు కాదు: జర్మన్ గోధుమ బీరును ఎంచుకోవడం ఎలా?

పుదుచ్చేరి: పొడవాటి గ్లాసు, అందులో మసకబారిన లేత పసుపు ద్రవం, పైన మూడు వేళ్ల మందాన తెల్లని నురగ. జర్మన్ గోధుమ బీరును మొదటిసారి చూసినవారు అది పాడైపోయిందేమోనని అనుమానించడం సహజమే. అయితే ఆ మసక లోపం కాదు, ఈ బీరు సహజ లక్షణం. అసలు అనుమానించాల్సింది సీసా వయసును, అది ఇక్కడి ఎండలో గడిపిన కాలాన్ని. తెలుగు రాష్ట్రాల నుంచి పుదుచ్చేరికి వచ్చే పర్యాటకులు తక్కువ పన్నుల కారణంగా విదేశీ బీర్లను ఎంచుకునే ముందు ఈ తేడాను తెలుసుకోవడం మంచిది.

అరటి, లవంగం వాసన ఎక్కడిది?

జర్మనీలో 'వైస్‌బియర్' లేదా 'వైజెన్' అనే పేరు పెట్టాలంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యంలో కనీసం సగం గోధుమ ఉండాలి. మిగిలినది సాధారణంగా బార్లీ. గోధుమలోని మాంసకృత్తులు నురగను నిలబెడతాయి. వడపోయకుండా వదిలిన ఈస్ట్ ఆ మసకకు తోడవుతుంది.

మాగిన అరటిపండు, లవంగాల పరిమళం రావడానికి అరటినిగానీ లవంగాలనుగానీ కలపరు. ఈ బీరుకు వాడే ప్రత్యేకమైన ఈస్ట్ పులిసే క్రమంలో ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. చక్కెరకేళి గెల మాగినప్పుడు ఇల్లంతా నిండే వాసనకు మూలం కూడా ప్రధానంగా అదే. లవంగాన్ని తలపించే ఘాటు మరో పదార్థం నుంచి వస్తుంది. పులియబెట్టే ఉష్ణోగ్రత పెరిగితే సాధారణంగా అరటి వాసన హెచ్చుతుంది.

నిషేధం నుంచి రాజాధికారం వరకు

1516లో బవేరియా పాలకులు తెచ్చిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్ పూలు, నీరు మాత్రమే వాడాలని నిర్దేశించింది. గోధుమను రొట్టెల కోసం మిగల్చడం అందుకు ఒక కారణంగా చెబుతారు. అయినా డేగెన్‌బర్గ్ వంశీయులకు గోధుమ బీరు తయారుచేసే ప్రత్యేక హక్కు ఉండేది. 1602లో ఆ వంశం అంతరించడంతో హక్కు పాలకుడు మాక్సిమిలియన్‌కు చేరి, ఖజానాకు మంచి ఆదాయ వనరుగా మారింది. తరువాతి శతాబ్దాలలో ఆదరణ తగ్గింది. 1872లో గేఓర్గ్ ష్నైడర్ అనే వ్యాపారి ఈ బీరు తయారీ హక్కు సంపాదించి, మ్యూనిక్‌లో సొంత సంస్థను స్థాపించారు. ఆయన కుటుంబం నేటికీ ఆ పేరుతోనే బీరు తయారుచేస్తోంది.

సీసాపై పేర్లకు అర్థం

'హెఫె' అంటే ఈస్ట్. 'హెఫెవైజెన్' వడపోయని, మసకగా ఉండే రకం. మొదటిసారి రుచి చూసేవారికి ఇదే సరైన ఆరంభం. ఇందులో ఆల్కహాల్ సుమారు 5 శాతం. 'క్రిస్టాల్' వడపోసి తేటగా చేసినది. 'డుంకెల్' ముదురు రంగుది, కాల్చిన రొట్టె అంచు రుచిని గుర్తుచేస్తుంది. 'వైజెన్‌బాక్' గాఢమైనది. ఆల్కహాల్ తరచు 7, 8 శాతానికి చేరుతుంది కనుక దీన్ని మామూలు బీరులా భావించరాదు. 'బెర్లినర్ వైసె' మాత్రం పుల్లనిది, తేలికైనది.

బెల్జియం శైలి గోధుమ బీరు వేరు. హూగార్డెన్ వంటి వాటిలో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. 'గోధుమ బీరు' అన్న మాట చూసి రెండూ ఒకటేనని అనుకోవద్దు.

కొనేముందు మూడు పరిశీలనలు

మొదటిది తేదీ. గోధుమ బీరు నిల్వ ఉంచితే మెరుగుపడే పానీయం కాదు. నెలలు గడిచేకొద్దీ అరటి పరిమళం తగ్గి, తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. గాఢమైన వైజెన్‌బాక్ మాత్రం కొంతకాలం ఓర్చుకుంటుంది.

రెండవది నిల్వ. ఐరోపా నుంచి ఓడలో వచ్చిన సీసాను ఇక్కడి తీరప్రాంతపు వేడిలో అరపై ఉంచితే ఈ క్షీణత వేగవంతమవుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నదాన్నే అడగాలి.

మూడవది వెలుతురు. సూర్యకాంతి హాప్స్‌లోని పదార్థాలను మార్చి దుర్వాసన కలిగిస్తుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చ లేదా రంగులేని సీసా అంతగా అడ్డుకోదు.

ప్రసిద్ధ జర్మన్ పేరున్న పాత సీసా కంటే, మైక్రోబ్రూవరీలో ఈ మధ్యే తయారైన బీరు అసలు రుచికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. ఎప్పుడు తయారైందని అడగడానికి సంకోచం అక్కర్లేదు.

పోసే పద్ధతి, తోడు వంటకాలు

గ్లాసును చన్నీళ్లతో తడిపి, వంచి, నెమ్మదిగా పోయాలి. సీసా అడుగున కొద్దిగా మిగిలినప్పుడు గుండ్రంగా తిప్పి, మడ్డిగా పేరుకున్న ఈస్ట్‌ను కలిపి పోస్తారు. సుమారు 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనం చాలు. గడ్డకట్టేంత చల్లబరిస్తే పరిమళం తెలియదు. నిమ్మచెక్క వేస్తే నురగ తగ్గి, అసలు వాసన మరుగున పడుతుంది.

చేదు తక్కువ, బుడగలు ఎక్కువ కనుక వేయించిన చేపలు, రొయ్యలు, కొబ్బరిపాల కూరలు దీనికి చక్కగా నప్పుతాయి. మంటెత్తించే కారానికి మాత్రం ఇది విరుగుడు కాదు. ఆల్కహాల్, బుడగలు ఆ మంటను మరింత పెంచుతాయి.

నిబంధనలు, జాగ్రత్తలు

పుదుచ్చేరిలో మద్యం కొనుగోలుకు కనీస వయసు 18 ఏళ్లు. ఇక్కడ కొన్న సీసాలను అనుమతి లేకుండా తమిళనాడులోకి తీసుకువెళ్లడం నేరం. కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్నా యానాం వెళ్లాలంటే పొరుగు రాష్ట్రాలను దాటవలసిందే కనుక, అక్కడి ప్రయాణికులు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే వాహనం నడపడం శిక్షార్హం.

గోధుమలోని గ్లూటెన్ పడనివారు ఈ బీరుకు దూరంగా ఉండాలి. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. తాగని అలవాటును ఈ బీరు కోసం మార్చుకోనక్కర్లేదు. తాగేవారు తేదీ చూసి, తాజాదనం నిర్ధారించుకుని, ఒక గ్లాసును నిదానంగా ఆస్వాదించి అంతటితో ఆగడం మేలు.